ఎడమ కాలితో ఆడించిన పంతులు

ఉస్మానియా కాలేజీ జట్టు నుంచి జకార్తా బంగారు పతకం దాకా రహీం సాబ్ ప్రస్థానం

జవహర్‌నగర్ (ఉప్పల్): ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ ఆట ఉన్నదంటే చాలు, ఆ రోజు నాచారం వైపు నుంచి గానీ, హబ్సిగూడ వైపు నుంచి గానీ బస్సు కదలదు. పొద్దున్నుంచే జెండాలు, టోపీలు అమ్మేవారు రోడ్డు పక్కన చేరుతారు. ఈ చుట్టుపక్కల పిల్లవాణ్ణి ఎవర్ని నిలబెట్టి అడిగినా బ్యాటు పట్టిన పది మంది పేర్లు గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. అదే పిల్లవాణ్ణి సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరని అడిగితే తల గోక్కుంటాడు. 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చిన తరువాత కొందరికి ఆ పేరు తెలిసింది. అంతకు ముందు ఆయనను గుర్తుంచుకున్నది పాత తరం ఆటగాళ్ళు, హైదరాబాద్ పాతబస్తీ పెద్దలు మాత్రమే.

ఉప్పల్ కూడలి నుంచి పడమరగా హబ్సిగూడ, తార్నాక దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయం వస్తుంది. రహీం ఆ విశ్వవిద్యాలయం విద్యార్థి. దాని ఫుట్‌బాల్ జట్టులో ఆడినవాడు. చదువయ్యాక బడిపంతులుగా పని చేశాడు. ఆ పంతులు తీర్చిదిద్దిన జట్టు ఆసియా క్రీడల్లో రెండుసార్లు, 1951లో ఒకసారి, 1962లో మరోసారి, భారతదేశానికి ఫుట్‌బాల్ బంగారు పతకం తెచ్చింది. 1962 తరువాత ఆ పతకం మళ్ళీ మన దేశానికి రాలేదు.

ఇంతటి పని చేసిన మనిషికి పెట్టుబడి ఏమిటి? ఒక మైదానం, ఒక తోలు బంతి, పిల్లలకు పాఠం చెప్పే ఓపిక. ఆ మూడింటితో ఆయన ఎంత దూరం వెళ్ళాడో మన పల్లెల్లో బడి నడిపే ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసి ఉన్నది.

అద్దె భవనాల కాలేజీ

ఉస్మానియా పేరు వినగానే మనకు ఆర్ట్స్ కాలేజీ భవనం కళ్ళ ముందు నిలుస్తుంది. కానీ రహీం చదువుకునే రోజుల్లో ఆ భవనం లేదు. విశ్వవిద్యాలయం స్థాపనకు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో ఆమోదం తెలిపారు. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1919లో తరగతులు మొదలయ్యాయి. నగరంలో అబిడ్స్ ప్రాంతాన అద్దె భవనాల్లోనే చాలా కాలం చదువులు సాగాయి. అడిక్‌మెట్ దగ్గర ఆర్ట్స్ కాలేజీకి 1934లో శంకుస్థాపన జరిగింది. 1939 డిసెంబరులో అది ప్రారంభమైంది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఆయన కాలేజీ కుర్రవాడుగా బంతి ఆడింది 1920ల చివరి సంవత్సరాల్లో. అప్పుడు ఉప్పల్, నాచారం పట్నానికి దూరంగా ఉన్న పల్లెలు. ఈ దారిన పట్నం పోయేవారు కాలినడకనో, ఎడ్లబండి మీదనో పోయేవారు.

ఉస్మానియాలో చదువు ఉర్దూలో సాగేది. డాక్టరీ, ఇంజనీరింగుతో సహా పైచదువులన్నీ దేశభాషలో చెప్పడం ఆ రోజుల్లో దేశమంతా చెప్పుకున్న సాహసం. అదే కాలంలో మూసీ ఒడ్డున సిటీ కాలేజీ పెరుగుతూ ఉన్నది. అక్కడ 1921లో ఇంటర్మీడియట్ తరగతులు పెట్టారు. 1929లో అది డిగ్రీ కాలేజీ అయింది. వీటికంటే ముందుది నిజాం కాలేజీ, 1887లో ఏర్పడింది. ఈ కాలేజీల పిల్లలే నగరంలో ఫుట్‌బాల్‌కు తొలి ప్రాణం పోశారు. సిటీ కాలేజీ పాత విద్యార్థులు, చదువుతున్నవారు కలిసి 'ఎలెవన్ హ్యాకర్స్' అనే జట్టు కట్టుకున్నారు. రహీం ఆ జట్టులోనూ ఆడారు. తరువాత నగర లీగులో గట్టి జట్టుగా పేరున్న కమర్ క్లబ్బులో ఆడారు.

తెల్ల పటాలం నేర్పిన ఆట

ఈ ఆట మన నేలది కాదు. సికిందరాబాద్ కంటోన్మెంటులో దిగిన తెల్ల పటాలాల వెంట వచ్చింది. సిపాయిలు సాయంత్రం పూట బూట్లు బిగించి ఆడుతుంటే మన పిల్లలు గట్టు మీద కూర్చుని చూసేవారు. చూసి చూసి తామూ మొదలుపెట్టారు. బూట్లు కొనే స్తోమతు లేదు గనుక ఉత్త కాళ్ళతోనే ఆడారు.

ఉత్త కాళ్ళతో ఆడి తెల్లవారిని గెలవవచ్చునని దేశానికి చాటింది కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ జట్టు. 1911 జూలై 29న ఆ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1 గోల్స్‌తో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలుచుకున్నది. ఆ జట్టులో ఒక్కరు తప్ప అందరూ బూట్లు లేకుండా ఆడినవారే. ఆ వార్త దేశంలోని కాలేజీలన్నిటికీ పాకింది. తెల్లవాణ్ణి కచేరీలోనో, కోర్టులోనో ఎదిరించలేని రోజుల్లో మైదానంలో ఎదిరించవచ్చునని చదువుకున్న కుర్రాళ్ళకు తెలిసింది.

ఆ రోజుల ఆట తీరు కూడా వేరు. వెనుక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు, గోలు కాసేవాడు ఒకడు. బంతి తోలుది. లోపల రబ్బరు బ్లాడరు పెట్టి, గాలి కొట్టి, పైన తాడుతో కుట్టేవారు. వాన పడితే అది నీరు పీల్చి రాయిలా బరువెక్కేది. దాన్ని ఉత్త కాలితో తన్నాలి, ఆ కుట్టు మీద తల ఆనించాలి. అయినా మన పిల్లలు వెనుదీయలేదు. ఉత్త కాలితో ఆడేవాడు బంతిని బలంగా ఎగరేయలేడు గనుక నేలబారుగా, దగ్గర దగ్గరగా అందించుకోవడం అలవాటు చేసుకున్నారు. పేదరికం వల్ల వచ్చిన ఆ అలవాటునే రహీం తరువాత ఒక విద్యగా మార్చారు.

బడిలో డ్రిల్లు సారు

రహీం బి.ఏ. అయ్యాక పంతులు ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇలా పలు బడుల్లో పని చేశారు. వ్యాయామ విద్యలో శిక్షణ పొంది బడిపిల్లల ఆటల బాధ్యత చేపట్టారు.

పంతులు పని చేసినవారికి ఒక సంగతి తెలుస్తుంది. తరగతిలో నలభై మంది పిల్లలుంటే అందులో ఐదుగురు ఎట్లా చెప్పినా నేర్చుకుంటారు. తక్కిన ముప్పయి ఐదుగురికి నేర్పినవాడే పంతులు. రహీం ఆటలోనూ ఇదే సూత్రం పెట్టుకున్నారు. పుట్టుకతో మెరికల్లాంటి వారిని ఏరుకుని ఆడించడం ఆయన పద్ధతి కాదు. ఎవరిలో ఏ లోపమున్నదో చూసి, ఆ లోపం పోయే విధంగా ఆటనే మార్చి పెట్టేవారు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం 1939లో ఏర్పడింది. 1940ల తొలి సంవత్సరాల్లో సయ్యద్ మహమ్మద్ హాదీ అధ్యక్షులుగా, రహీం కార్యదర్శిగా ఆ సంఘాన్ని నడిపించారు. హాదీ కూడా సామాన్యుడు కాదు. 1924 పారిస్ ఒలింపిక్ క్రీడల్లో టెన్నిస్ ఆడారు. రంజీ ట్రోఫీ క్రికెట్‌లో మొట్టమొదటి సెంచరీ ఆయనదే. ఏడు ఆటల్లో ప్రవీణుడు గనుక ఇంద్రధనుస్సులోని ఏడు రంగుల పేరిట ఆయనను 'రెయిన్‌బో హాదీ' అని పిలిచేవారు. అంతటి దొరబిడ్డ, ఇంతటి బడిపంతులు ఒకే బల్ల దగ్గర కూర్చుని పని చేయడం హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు కలిసి వచ్చింది. రహీం తుదిశ్వాస దాకా ఆ కార్యదర్శి పదవిలోనే ఉన్నారు.

ఎడమ కాలి పోటీలు

రహీం పెట్టిన పోటీల గురించి నేటికీ ఆటగాళ్ళు కథలుగా చెప్పుకుంటారు.

మొదటిది, బలహీనమైన కాలితో ఆడే పోటీ. నూటికి తొంభై మంది పిల్లలు కుడి కాలితో తంతారు. అటువంటివాడి దగ్గరకు ఎదుటి జట్టువాడు కుడి వైపు అడ్డం వస్తే చాలు, ఇక వాడి ఆట కట్టు. అందుకని రహీం కుడి కాలు వాడకూడదనే నియమం పెట్టి పిల్లలకు పోటీలు జరిపారు. కుడికాలి వాటం గలవాడు ఎడమ కాలితోనే తన్నాలి. ఎడమకాలి వాటం గలవాడు కుడి కాలితో తన్నాలి. మొదట పిల్లలు పడ్డారు, లేచారు, నవ్వులపాలయ్యారు. పోనుపోను రెండు కాళ్ళూ ఒకటయ్యాయి. వ్యవసాయదారులకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. జోడెద్దుల్లో ఒకటే లాగితే నాగలి వంకర పోతుంది. రెండూ సమంగా లాగితేనే సాలు తిన్నగా వస్తుంది.

రెండవది, బంతి దొరకబుచ్చుకుని ఒంటరిగా పరుగెత్తరాదనే పోటీ. ఫుట్‌బాల్‌లో పేరు రావాలని ప్రతి కుర్రవాడూ బంతిని కాళ్ళ మధ్యే పెట్టుకుని నలుగురిని తప్పించాలని చూస్తాడు. ఈ పోటీలో అది కుదరదు. బంతి వచ్చిన వెంటనే తోటివాడికి అందించాలి. అందించాలంటే తోటివాడు ఎక్కడున్నాడో ముందే చూసుకోవాలి. అందించినవాడు నిలబడిపోకుండా మళ్ళీ ఖాళీ చోటికి పరుగెత్తాలి. ఈ ఒక్క నియమంతో పిల్లలకు తల ఎత్తి ఆడటం వచ్చింది. బంతి మనిషికంటే వేగంగా పరుగెత్తుతుంది, దానికి అలుపు లేదు అన్న రహస్యం తెలిసింది.

మూడవది, పొట్టివారి పోటీ. ఐదడుగుల లోపు ఎత్తున్న పిల్లలకు మాత్రమే అందులో ప్రవేశం. పెద్ద పిల్లల మధ్య చిన్నవాడికి బంతి అందదు, అందినా తోసి పారేస్తారు. వాడు మనసు విరిగి ఆట మానేస్తాడు. తన ఈడువారితో, తన ఎత్తువారితో ఆడితే వాడిలోని నేర్పు బయటపడుతుంది. ఎత్తు తరువాతైనా పెరుగుతుంది, మానేసిన ఆట మళ్ళీ రాదు.

ఈ మూడు పోటీలకూ ఒక్క పైసా అదనంగా ఖర్చు కాలేదు. మైదానం అదే, బంతి అదే. మారింది నియమం ఒక్కటే.

పోలీసు జట్టు విజయ పరంపర

ఆ విద్య అంతా ఒకచోట పండింది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టులో. పూర్వం సిటీ ఆఫ్ఘాన్స్ అనే పేరుతో ఉన్న జట్టే ఇది. పేద ఇంటి కుర్రవాడికి ఆట కూడు పెట్టదు. పోలీసు ఉద్యోగం పెడుతుంది. నెల తిరిగేసరికి జీతం వస్తుందంటే ఇంట్లో తల్లిదండ్రులు బంతి ఆడవద్దని అనరు. అందువల్ల నగరంలోని మెరికల్లాంటి ఆటగాళ్ళు ఆ జట్టులో చేరారు. రహీం వారికి శిక్షకుడు.

1950 ఆ జట్టుకు మరపురాని సంవత్సరం. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు గెలుచుకున్నది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మొదటిసారిగా ఢిల్లీలో జరిపిన డ్యూరాండ్ కప్పు పోటీలో ఫైనలుకు చేరింది. అక్కడ ఎదురైనది మరెవరో కాదు, 1911లో తెల్లవారిని గెలిచిన మోహన్ బగాన్ జట్టే. మొదటి రోజు ఆట 1-1తో సమానమైంది. తిరిగి ఆడినప్పుడు హైదరాబాద్ 1-0తో గెలిచింది. కాలేజీ కుర్రవాడుగా ఏ జట్టు కథ విని రహీం పెరిగారో, ఆ జట్టునే ఆయన శిష్యులు ఓడించారు.

రోవర్స్ కప్పు మాత్రం 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు సంవత్సరాలు హైదరాబాద్ దాటి పోలేదు. డ్యూరాండ్ కప్పు 1954లో, 1957లో మళ్ళీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో ఆడిన 1961లో కూడా వచ్చింది. ఆ ఏడు ఫైనలులో ఓడింది మళ్ళీ మోహన్ బగానే. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58లలో వరుసగా గెలిచింది.

హెల్సింకిలో దెబ్బ

రహీం జీవితమంతా గెలుపే అనుకుంటే పొరపాటు. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణ పొందిన భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. దేశమంతా సంబరపడింది. మరుసటి ఏడాదే 1952లో ఫిన్లాండు దేశంలోని హెల్సింకిలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. చలి దేశం, తడి నేల. మన ఆటగాళ్ళలో ఎక్కువ మంది ఉత్త కాళ్ళతో దిగారు. యుగోస్లావియా 10-1 తేడాతో మట్టి కరిపించింది.

పది గోల్సు పడిన శిక్షకుడు ఇంటికి వచ్చి తలుపు మూసుకుని కూర్చోవచ్చు. అదృష్టం బాగాలేదని సరిపెట్టుకోవచ్చు. రహీం అలా చేయలేదు. ఆ ఓటమి తరువాత భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. పాత ఆట వదిలి కొత్త ఆట నేర్చుకోవలసిన అవసరాన్ని రహీం గుర్తించారు. అప్పట్లో ప్రపంచంలో మేటి జట్టు హంగేరీ. 1953లో అది ఇంగ్లండు జట్టును వారి సొంత గడ్డ మీదే 6-3తో ఓడించింది. నడిమి ఫార్వర్డు ముందుకు పోకుండా కొంత వెనుకకు తగ్గి ఆడటం ఆ జట్టు కిటుకు. అతణ్ణి పట్టుకుందామని వెనుక కాసేవాడు ముందుకు వస్తే వాడి వెనుక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి తక్కినవారు దూసుకుపోతారు.

ఆ తరహా ఆటను రహీం మన వాళ్ళకు నేర్పారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడల్లో భారత జట్టు ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్సు చేశాడు. సెమీ ఫైనలు చేరిన తొలి ఆసియా దేశం మనదే. అక్కడ యుగోస్లావియా చేతిలో 4-1తో, కంచు పతకం కోసం ఆడిన ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో నేటి దాకా మనం అంత ఎత్తు ఎక్కలేదు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాద్ వారు ఆ జట్టులో ఉన్నారు.

అమ్ముగూడ కుర్రవాడు

వీరిలో బలరాం కథ మన ప్రాంతం వారు ప్రత్యేకంగా వినదగినది. నాచారానికి ఉత్తరాన, కంటోన్మెంటు అంచున ఉన్న అమ్ముగూడ ఆయన ఊరు. 1936 అక్టోబరు 4న పేద కుటుంబంలో పుట్టారు. పటాలాల మైదానాల పక్కన పెరిగిన పిల్లవాడు గనుక చిన్ననాటనే బంతి అంటుకున్నది.

స్థానిక లీగులో ఆడుతున్న ఆ కుర్రవాడు రహీం కంట పడ్డాడు. సంతోష్ ట్రోఫీ శిబిరానికి రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి నగరం నడిబొడ్డున ఉన్న మైదానానికి పది కిలోమీటర్లకు పైగా దూరం. రోజూ రానూపోనూ ఖర్చు పెట్టుకునే శక్తి ఆ ఇంటికి లేదు. సైకిలు ఏర్పాటు రహీమే చేశారని చెబుతారు. ఆ సైకిలు లేకపోతే దేశానికి బలరాం లేడు. శిక్షకుడంటే మైదానంలో ఈల ఊదేవాడే అనుకుంటాం. పిల్లవాడు మైదానం దాకా ఎట్లా వస్తాడని ఆలోచించినవాడు రహీం.

సైకిలు మీద వచ్చిన ఆ కుర్రవాడు ఇరవై ఏళ్ళ వయస్సులో మెల్‌బోర్న్ విమానం ఎక్కాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడల్లో హంగేరీ మీద, పెరూ మీద గోల్సు చేశాడు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం, ఈ ముగ్గురి పేర్లు దేశంలో ఒక్క గుక్కలో చెప్పుకునేవారు. 1962లో అర్జున పురస్కారం పొందారు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల 1963లో, ఇరవై ఏడేళ్ళకే ఆట మానవలసి వచ్చింది. తరువాత బెంగాల్‌లోనే స్థిరపడి 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్ను మూశారు. అక్కడి పత్రికలు ఆయన పోయిన రోజు పేజీలు నింపాయి.

లక్ష మంది నడుమ

1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు జరిగాయి. అప్పటికే రహీంకు ఊపిరితిత్తుల క్యాన్సరు. ఆ ఒంటితోనే జట్టు వెంట వెళ్ళారు. చునీ గోస్వామి నాయకుడు. యూసుఫ్ ఖాన్, అఫ్జల్, తంగరాజ్, బలరాం హైదరాబాద్ వారు.

ఆరంభమే అపశకునం. మొదటి ఆటలో దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తరువాత థాయిలాండును 4-1తో గెలిచినా, ఆ ఆటలో వెనుక కాపుకాసే జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2-0తో గెలిచి సెమీ ఫైనలు చేరారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను ఏం చేయాలి? వెనుక ఆడితే ప్రతి ఎత్తు బంతికీ తల పెట్టాలి. పక్కన కూర్చోబెడితే సింహం వంటి ఆటగాడు వృథా. రహీం అతణ్ణి ముందు వరుసలో ఫార్వర్డుగా ఆడించారు. జర్నైల్ సెమీ ఫైనలులో దక్షిణ వియత్నాం మీద గోలు చేశాడు. ఆ ఆట 3-2తో మనదైంది.

సెప్టెంబరు 4న ఫైనలు. ఎదురుగా మొదటి ఆటలో ఓడించిన దక్షిణ కొరియాయే. స్టేడియంలో సుమారు లక్ష మంది జనం. ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు ఇండోనేషియా ప్రవేశం నిరాకరించడాన్ని భారతీయుడైన ఒలింపిక్ ప్రతినిధి సోంధీ తప్పుపట్టినందుకు ఆ జనానికి మన దేశం మీద ఆగ్రహం. మన వాళ్ళు బంతి తాకితే చాలు కేకలు, ఈలలు. జ్వరంతో పడుకున్న తంగరాజ్ లేచి వచ్చి గోలు ముందు నిలబడ్డాడు. ముందునాటి రాత్రి ఆటగాళ్ళను చేరబిలిచి, రేపు బంగారు పతకాన్ని నాకు కానుకగా ఇవ్వండని రహీం అడిగారంటారు. తమ గురువు ఒంట్లో ఎంత జబ్బు ముదిరినదో వారికి అప్పటికి పూర్తిగా తెలియదు.

17వ నిముషంలో పి.కె. బెనర్జీ గోలు చేశాడు. మూడు నిముషాలకు జర్నైల్ సింగ్ రెండవ గోలు చేశాడు. కొరియా చివరలో ఒక గోలు మాత్రమే తిరిగి చేయగలిగింది. అంత మంది జనంలో మన వాళ్ళకు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళని ఆనాటివారు చెప్పుకునేవారు.

1963 జూన్ 11న రహీం కన్ను మూశారు. వయస్సు 53 సంవత్సరాలు. క్రీడా గురువులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారాన్ని ప్రభుత్వం 1985లో ప్రారంభించింది. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్ళు.

తరువాత ఏమైంది

రహీం పోయిన తరువాత ఆయన నాటిన చెట్టు కొంత కాలం కాపు కాసింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆయన కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీం రోమ్ ఒలింపిక్ జట్టు సభ్యుడు. తండ్రి బాటలోనే శిక్షకుడై, 2021లో మరణించారు. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటివారు ఇక్కడి నుంచే వెళ్ళి కలకత్తా మైదానాల్లో వెలిగారు. క్రమంగా ఆటగాళ్ళు బయటికి పోవడమే గానీ లోపల తయారు కావడం తగ్గిపోయింది.

2019లో హైదరాబాద్ పేరిట ఒక వృత్తి క్లబ్బు వచ్చింది. గచ్చిబౌలి స్టేడియం దాని సొంత గడ్డ. 2022లో దేశంలోని పెద్ద లీగు అయిన ఐ.ఎస్.ఎల్. విజేతగా నిలిచింది. తీరా 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. డబ్బుతో వచ్చినది డబ్బు కోసం పోయింది. రహీం నాటిన చెట్టు వేళ్ళు బడుల్లో, కాలేజీల్లో ఉండేవి గనుక అన్నేళ్ళు నిలిచింది. ఈ క్లబ్బుకు అటువంటి వేళ్ళు లేవు.

అలాగని ఆశ వదులుకోనక్కరలేదు. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో ఆడింది. ఐరోపాలో క్రొయేషియా దేశపు క్లబ్బుకు కూడా ఆడి వచ్చింది. ఆ ఆడపిల్ల మొదటి బంతి తన్నింది పెద్ద స్టేడియంలో కాదు.

డెబ్బై గుంటల నేల

ఇప్పుడు మన సంగతి. పూర్తి కొలత ఫుట్‌బాల్ మైదానం పొడవు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. మన లెక్కలో సుమారు డెబ్బై గుంటలు, అంటే ఎకరం ముప్పావు. ఉప్పల్, నాచారం పల్లెలుగా ఉన్నప్పుడు డెబ్బై గుంటల బీడు ఎక్కడ చూసినా ఉండేది. పొలం కోత కాగానే పిల్లలు అందులో దిగేవారు. నగరం పెరిగింది. కార్ఖానాలు వచ్చాయి, ప్లాట్లు వచ్చాయి. ఇక్కడ జరిగిందే ఇప్పుడు జిల్లాలోని తక్కిన పల్లెల్లోనూ జరుగుతున్నది. గజాల లెక్కన నేల అమ్ముడుపోయే చోట పిల్లల ఆటకు నేల విడిచిపెట్టమని అడిగేవారు ఉండరు. పిల్లలకు ఓటు లేదు గదా.

కనుక ఊరి పెద్దలు ఒక పని చేయవలసి ఉన్నది. బడి వెనుక నేల, గ్రామకంఠంలో మిగిలిన ఖాళీ ఎంత ఉన్నదో కొలిపించి, హద్దురాళ్ళు పాతించి, ఆట స్థలమని పంచాయతీ పుస్తకంలో రాయించాలి. డెబ్బై గుంటలు లేకపోతే ఇరవై గుంటలైనా చాలు. ఇరవై గుంటల్లో జట్టుకు ఏడుగురు చొప్పున చక్కగా ఆడుకోవచ్చు. ఒకసారి అందులో గోడ లేచిన తరువాత ఎవరు వచ్చినా ఏమీ చేయలేరు.

బడి సార్లు మరొక పని చేయవచ్చు. వచ్చే సెలవుల్లో ఒక ఎడమ కాలి పోటీ పెట్టి చూడండి. కుడి కాలు తగిలితే బంతి ఎదుటి జట్టుకు. ఆడపిల్లలకు ఒకటి, మగపిల్లలకు ఒకటి. ఐదడుగుల లోపు వారికి మరొకటి. బహుమతిగా ఒక కొత్త బంతి ఇస్తే అంతకు మించినది లేదు. ఏ బుడతడు మొదట నవ్వులపాలై, పది రోజుల తరువాత రెండు కాళ్ళతో ఆడతాడో అప్పుడు తెలుస్తుంది. వాడి ఇల్లు దూరమైతే, వాడు మైదానానికి ఎట్లా వస్తున్నాడో కూడా ఒక మాట అడిగి తెలుసుకోండి. అమ్ముగూడ కుర్రవాడికి కావలసి వచ్చింది ఒక్క సైకిలే.